పాలరాతి పలక

గుడి అనగానే నాకు మొదట స్ఫురించేది గోపురం కాదు, శిలువ కాదు. పేడతో అలికిన పచ్చినేల వాసన. అహమద్‌నగర్ జిల్లాలో (2024లో ఆ జిల్లాకు అహిల్యానగర్ అని పేరు మార్చినారు, నా నోటికి మాత్రం పాత పేరే వస్తున్నది) నల్లరాతి నేలమీద, ఏటేటా వాన కొరకు ఆకాశం వంక చూచే పల్లె మాది. ఊరికి వెలుపల మహర్‌వాడ. మహర్‌వాడ చివర, రేకుల కప్పుతో, మా గుడి. శనివారం సాయంకాలం ఆడవారు నేల అలికేవారు. ఆదివారం ఉదయం దానిమీద గోనెపట్టాలు పరచుకొని ఒకవైపు మగవారు, ఒకవైపు ఆడవారు కూర్చునేవారు. ఒకాయన తుంతునే మీటేవాడు. ఇద్దరు తాళాలు వేసేవారు. గంట కొట్టిన తరువాతనే ఆరాధన మొదలు కావలెనని నియమం. కాని అందరికంటె ముందు వచ్చిన ముసలివారు ఊరక కూర్చోలేక ఒక అభంగం ఎత్తుకునేవారు. పాదిరిగారు వచ్చేసరికి సగం ఆరాధన అయిపోయి ఉండేదని మా నాన్నగారు నవ్వుతూ అనేవారు.

మా నాయనమ్మను మేము ఆజీ అనేవాళ్ళం. ఆమెకు అక్షరం రాదు. మోకాళ్ళు పట్టివేసినందువలన చివరి రోజులలో గుడికి రాలేక ఇంటి అరుగుమీదనే కూర్చుని ఉండేది. మేము తిరిగి రాగానే ఆమె అడిగే ప్రశ్న ఒకటే: “ఇవాళ ఆయన వచ్చాడా?”

తాతగారు పోయి అప్పటికి చాలా ఏండ్లయినది. భార్య భర్తను పేరు పెట్టి పిలువని దేశం మాది. ఆడదాని నోట “ఆయన” అంటే భర్తే. ఆజీకి మతి చలించినదేమో, పోయిన మనిషి కొరకు ఎదురుచూస్తున్నదేమో అని చిన్నతనంలో నేను భయపడినాను. అమ్మ విప్పి చెప్పినది: ఆజీ అడుగుతున్నది తాతగారిని గురించి కాదు, ప్రభువును గురించి. గుడిలో ఇవాళ మాట్లాడినవారు ఆయనను గురించి మాట్లాడినారా, పాడినవారు ఆయనను పాడినారా, మీరు ఆయన ఎదుట కూర్చున్నట్లు కూర్చున్నారా అని ఆ ప్రశ్నకు అర్థమట.

ఒక ఆదివారం పట్టణం నుంచి ఒక పెద్దమనిషి వచ్చి పొదుపును గురించి, పొగాకు మానుటను గురించి గంటసేపు ప్రసంగించినాడు. అన్నీ మంచి మాటలే. మా వాడలో ఆ రెండు మాటలకూ అవసరం ఎంతో ఉండినది. ఇంటికి వచ్చి నాన్నగారు, “చాలా చక్కగా మాట్లాడినారమ్మా” అన్నారు. ఆజీ పొగాకు నలుపుకుంటూ, “నేనడిగింది అది కాదుగా” అన్నది. పొగాకు సంగతి వినబడినందువల్లనే ఆమెకు ఆ ప్రసంగం రుచించలేదని అమ్మ తరువాత చాటుగా నవ్వినది. అదీ కొంత నిజమే కావచ్చు. కాని ఆ ప్రశ్న నన్ను విడిచిపోలేదు. ఇప్పుడు నాకు డెబ్బది అయిదేండ్లు దాటినవి. ఎన్నో గుళ్ళలో కూర్చున్నాను, ఒక గుడి వ్యవహారాలు కొన్ని ఏండ్లు చేతులారా నడపి చెడగొట్టినాను కూడ. ఆ చెడగొట్టిన కథ చెప్పుకొనుటకే ఇది వ్రాస్తున్నాను. కాని దానికి ముందు మా పాటలను గురించి చెప్పవలె.

మేము పాడుకొనే పాటలలో చాలా భాగం నారాయణ్ వామన్ తిలక్ వ్రాసినవి. లోకమాన్యుడైన తిలక్ వేరు, ఈయన వేరు. 1861లో రత్నగిరి జిల్లాలో చిత్పావన బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, మరాఠీ కవిగా పేరు తెచ్చుకొని, 1895లో బొంబాయిలో బాప్తిస్మం పొందినాడు. తరువాత అహమద్‌నగర్‌లో స్థిరపడి, 1904లో పాదిరి అయినాడు. తాను క్రీస్తు పాదాల దగ్గరకు తుకారాం వేసిన వంతెన మీదుగా నడిచి వచ్చినానని చెప్పుకొన్న మనిషి ఆయన. అంతకు ముందు మరాఠీ సంఘాలలో పాడుతుండినవి ఎక్కువగా ఇంగ్లీషు పాటలకు అనువాదాలు. పరదేశపు రాగాలలో మన మాటలు ఇరుకు చొక్కా తొడుక్కున్నట్లు ఉండేవి. తిలక్ అభంగాన్ని, ఓవీని గుడిలోనికి తెచ్చినాడు. పండరిపురపు త్రోవలో వార్కరీలు ఏ లయలో అడుగు వేస్తారో ఆ లయలో మా తాతలు యేసును పిలువగలిగినారు. చదువు రానివారికి ఇది ఎంత గొప్ప సంగతియో చదువుకున్నవారు ఊహించుట కష్టం. మా ఆజీకి వేదాంతమంతా ఆ పాటలలోనే ఉండినది.

తిలక్ జీవితంలో నన్ను ఎక్కువగా ఆకర్షించేది చివరి రెండేండ్లు. 1917లో ఆయన మిషన్ ఉద్యోగం వదలి సాతారా చేరి “దేవాచా దర్బార్” అనే ఒక సహవాసం మొదలుపెట్టినాడు. బాప్తిస్మం పొందినవారు, పొందనివారు, క్రీస్తును గురువుగా ఎంచినవారెవరైనా అందులో చేరవచ్చును. జీతమిచ్చే మిషన్, ఆస్తులు గల సంఘం, సభ్యుల పట్టీ ఇవన్నీ ప్రభువునకు, ఆయనను ప్రేమించే మనిషికి నడుమ గోడలవుతున్నవని ఆయనకు తోచినది. 1919 మే నెలలో ఆయన మరణించినాడు. ఆ దర్బారు ఆయనతో పాటే సన్నగిలిపోయినది. ఆయన మొదలుపెట్టి పూర్తిచేయలేకపోయిన “క్రీస్తాయన్” అనే కావ్యాన్ని భార్య లక్ష్మీబాయి పూర్తిచేసినది.

ఈ లక్ష్మీబాయిని గురించి ఒక మాట చెప్పక ముందుకు పోలేను. భర్త క్రైస్తవుడైనప్పుడు ఆమె వెంట పోలేదు. కొన్ని ఏండ్లు వేరుగా ఉండి, తరువాత అహమద్‌నగర్ వచ్చి, 1900లో తానూ బాప్తిస్మం పొందినది. తన మడి, తన ఆచారం ఒక్కొక్కటే ఎట్లు సడలినవో ఆమె “స్మృతిచిత్రే” అనే ఆత్మకథలో, తనను చూచి తానే నవ్వుకుంటూ చెప్పినది. మరాఠీ గద్యంలో అంత నిర్మలమైన గ్రంథాలు తక్కువ. ఇతరులు ముట్టిన నీళ్ళు త్రాగుట అనేది ఒక మనిషి లోపల ఎంత పెద్ద యుద్ధమో ఆ పుస్తకం చదివిన తరువాతనే నాకు బోధపడినది. అంతవరకు ఆ యుద్ధాన్ని నేను అవతలి ఒడ్డు నుంచి, మేము ముట్టరాదన్న నీళ్ళ వైపు నుంచి మాత్రమే ఎరుగుదును.

మా గుడిలోనే ఆ యుద్ధం మరొక రూపంలో ఉండినది. మా వాడవారు మహర్‌లు. దక్షిణపు దిక్కున మాంగ్ కుటుంబాలు పదో పన్నెండో ఉండేవి. రెండు కులాలవారూ ఊరికి వెలుపలివారే. అయినా ఒకరి ఇంట ఒకరు నీళ్ళు త్రాగరు. మాంగ్‌వారు బాప్తిస్మం పొందిన తరువాత మా గుడిలోనే కూర్చునేవారు, కాని గుమ్మం దగ్గర. అక్కడ కూర్చోండని ఎవరూ చెప్పలేదు. ప్రభువు బల్ల సంస్కారంలో పాత్ర వారికి అందరి తరువాత అందేది. అట్లు చేయవలెనని ఏ పుస్తకంలోను లేదు. ఎవరూ ఆజ్ఞాపించని నియమాలే గట్టివని నాకు తరువాత తెలిసినది.

1956 అక్టోబరు 14న డాక్టర్ అంబేద్కర్ నాగపూర్‌లో లక్షలాది అనుయాయులతో బౌద్ధం స్వీకరించినారు. మా బంధువులలో సగంమంది అటు పోయినారు. మా మేనమామ ఆ తరువాత మా ఇంటికి వచ్చినప్పుడెల్ల నాన్నగారితో వాదం పెట్టుకునేవాడు. ఒకనాడు ఆయన నిదానంగా, “బావా, మీ గుడిలో మాంగ్‌వాళ్ళు ఎక్కడ కూర్చుంటారు?” అని అడిగినాడు. నాన్నగారు జవాబు చెప్పలేదు. ఆ రాత్రి ఆయన భోజనం చేయలేదని అమ్మ చెప్పినది.

నాన్నగారు బడిపంతులు, సంఘంలో ఒక పెద్ద. ఎక్కువ మాటలు ఆడే స్వభావం కాదు. తరువాతి సంస్కారపు ఆదివారం, పాత్ర అందించే సమయంలో, పెద్దల వరుసలో ముందు నిలుచుండవలసిన ఆయన లేచి పోయి గుమ్మం దగ్గర చిట్టచివర కూర్చున్నారు. పాదిరిగారు పాత్ర చేతబట్టుకొని కొంతసేపు నిలబడినారు. తరువాత మెల్లగా నడచి గుమ్మం దగ్గరకే వచ్చి, అక్కడినుంచి మొదలుపెట్టినారు. మొదట త్రాగినది ఒక మాంగ్ యువతి, చంకలో పసిపిల్ల. ఆమె తరువాత నాన్నగారు. గుడిలో ఎవరూ ఊపిరి తీసినట్లు లేదు. రెండు కుటుంబాలు లేచి వెళ్ళిపోయినవి. అందులో ఒకటి మరి తిరిగి రాలేదు.

ఇంటికి రాగానే ఆజీ అడిగినది. నాన్నగారు చొక్కా విప్పుకుంటూ ఊరుకున్నారు. జవాబు చెప్పినది అమ్మ: “ఇవాళ వచ్చాడత్తయ్యా. గుమ్మం దగ్గర కూర్చున్నాడు.”

కొరింథు సంఘంలో కలిగినవారు ముందే తిని, లేనివారు ఆకలితో నిలుచుండుట చూచి పౌలు ఎంత కఠినంగా మందలించినాడో తరువాత చదివినప్పుడు నాకు కొత్తగా తోచలేదు. క్రీస్తును మాత్రమే ప్రకటించండి, కులం సంగతి, భూమి సంగతి, కూలి సంగతి గుడిలో ఎత్తకండి అని చెప్పేవారు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. వారి మాట వినుటకు భక్తివలెనే ఉంటుంది. కాని మా గుడిలో క్రీస్తు నడుమకు వచ్చిన దినం ఏదని నన్ను అడిగితే, పాత్ర గుమ్మం దగ్గర మొదలైన ఆ ఆదివారమే అంటాను.

నాకు రైల్వే తపాలా శాఖలో ఉద్యోగమైనది. బల్లార్షా మీదుగా దక్షిణానికి పోయే మెయిలు బళ్ళలో ఉత్తరాలు వేరుచేయుట నా పని. ఆ విధంగా తెలుగుదేశం చూచినాను. డోర్నకల్ జంక్షన్‌లో ఒకసారి విరామం దొరికినప్పుడు అక్కడి పెద్ద గుడి చూడబోయినాను. గుమ్మటాలు మసీదును, స్తంభాలు ఆలయ మండపాన్ని జ్ఞాపకం చేసే ఆ కట్టడం 1939లో ప్రతిష్ఠితమైనది. కట్టించిన బిషప్ అజరయ్యగారు తిరునల్వేలి తమిళుడు. 1912లో ఆంగ్లికన్ సంఘానికి తొలి భారతీయ బిషప్ అయి, తెలుగు నేర్చుకొని, 1945లో మరణించేవరకు ఆ పల్లెలలోనే తిరిగినాడు. అంతకుముందు 1910లో ఎడిన్‌బరోలో జరిగిన మిషనరీల మహాసభలో, మీరు మాకు ఎంతో ఇచ్చినారుగాని స్నేహం ఇవ్వలేదన్న భావంతో తెల్లవారి ముఖానే మాట్లాడిన ధీరుడు. కొత్తగా బాప్తిస్మం పొందిన ప్రతివాడూ తన చేయి తన తలమీదనే పెట్టుకొని, సువార్త చెప్పకుండుట తనకు చేటని ఒప్పుకొనే పద్ధతి ఆయన నెలకొల్పినాడట. ఆ మాట నాకు ఆ గుమ్మటాలకంటె పెద్దదిగా తోచినది. పాలేరు, కూలివాడు, అక్షరం రానివాడు కూడ ప్రభువును గురించి మాట్లాడుటకు అధికారి అయినాడు. పాదిరి అతని తరఫున మాట్లాడే వకీలు కాడు.

మరొకసారి నాతో పనిచేసే ఒక మలయాళీ మిత్రుడు ఫిబ్రవరి నెలలో నన్ను మారామణ్ తీసుకొనిపోయినాడు. అక్కడ పంపానది ఇసుకమీద, విశాలమైన పందిరి క్రింద, 1895 మొదలు ఏటేటా మార్తోమా సంఘంవారి మహాసభ జరుగుతున్నది. అంతమంది ఇసుకలో అంత నిశ్శబ్దంగా కూర్చొనుట నేను మరెక్కడా చూడలేదు. ఆ ఊరివాడే అబ్రహాం మల్పాన్. మల్పాన్ అంటే గురువు. సిరియక్ భాషలో, ప్రజలకు అర్థంకాని మాటలలో జరిగే ఆరాధనను ఆయన 1837లో మలయాళంలో జరిపించినాడు. పరిశుద్ధులను వేడుకొనే ప్రార్థనలను తొలగించినాడు. ఏటేటా ఉత్సవంలో ఊరేగించే ఒక పరిశుద్ధుని చెక్కబొమ్మను తీసుకొనిపోయి బావిలో పడవేసినాడు. మొక్కుబడులవలన గుడికి మంచి ఆదాయం వచ్చే బొమ్మ అది. ఆ పని తప్పనేవారు కేరళలో ఈనాటికీ ఉన్నారు. పరిశుద్ధులను తలచుకొనుట ప్రభువును మరచుట కాదని, ఇంటి యజమానిని ప్రేమించేవాడు ఆ ఇంటివారిని కూడ ప్రేమిస్తాడని వారి వాదం. అది త్రోసివేయదగిన వాదమని నేను అనుకోను.

ఆ సాయంకాలం ఇసుకమీద నడుస్తూ, నేను మల్పాన్‌ను మెచ్చుకుంటే, మిత్రుని తండ్రిగారు చిరునవ్వు నవ్వి అన్నారు: “అది చెక్కబొమ్మ కనుక బావి సరిపోయింది నాయనా.”

ఆ మాట నాకు అప్పుడు చమత్కారంగా మాత్రమే తోచినది. దాని అర్థం నా ఊరిలో, నా చేతుల మీదుగా తెలుసుకొనుట మిగిలి ఉండినది.

ముందు తిలక్ పాటల సంగతి. నేను సెలవులకు ఇంటికి పోయినప్పుడు మా సంఘం రెండు పక్షాలై ఉండేది. పట్టణంలో చదువుకొని వచ్చినవారు హార్మోనియం పెట్టి పరదేశపు రాగాలు పాడవలెనన్నారు. ముసలివారు, నేనూ, అభంగాలు తప్ప మరొకటి వద్దన్నాము. మేము గెలిచినాము. గెలిచిన తరువాత ఒక ఆదివారం, అవతలి పక్షపు పిల్లవాడొకడు తడబడుతూ పాడిన పాటను నేను మనసులో వెక్కిరించుకుంటూ కూర్చున్నాను. ఆ పాట యేసు శ్రమలను గురించినది. నేను విన్నది మాత్రం తాళం తప్పుట. మిషన్ గోడలు దాటి పోవుటకు ప్రాణం పెట్టిన మనిషి పాటలతో మేము మరొక గోడ కట్టుకున్నామని ఆనాడు నాకు తట్టలేదు. ప్రభువు దగ్గరకు చేర్చిన వస్తువే ఆయనకు అడ్డంగా నిలుచుంటుంది. చెడ్డ వస్తువైతే మనం ఇంతకాలం దానిని పట్టుకొని ఉండము గదా.

ఇక పలక సంగతి.

1972-73లో మహారాష్ట్రలో పెద్ద కరువు వచ్చినది. మా వాడవారంతా ప్రభుత్వపు కరువు పనులలో కంకర కొట్టినారు. ఆ ఏడే గుడి కప్పు కూలినది. కంకర కొట్టిన కూలి డబ్బులో పావలా, అర్ధరూపాయి చొప్పున నాన్నగారు ఇంటింటా పోగుచేసి కొత్త రేకులు వేయించినారు. ఆ రేకులే ఇప్పటికీ ఉన్నవి. 1984లో ఆయన మరణించినారు. అప్పటికి నేను బదిలీమీద దగ్గరి పట్టణానికి వచ్చి, సంఘ కార్యదర్శినైనాను. తండ్రి జ్ఞాపకార్థం ఒక పాలరాతి పలక చేయించి గుడిలో పెట్టించవలెనని నాకు కోరిక పుట్టినది. కోరికలో తప్పు లేదు. అది ఎక్కడ పెట్టవలెనన్న దానిలో నా మనసు బయటపడినది. ప్రభువు బల్లకు వెనుక గోడమీద, కూర్చున్నవారందరి కళ్ళూ పడే చోట అన్నాను.

మరొక కుటుంబంవారు అడ్డుపడినారు. గుడి స్థలం వారి తాత ఇచ్చినది. పేరు పెట్టవలసి వస్తే ముందు ఆయన పేరు పెట్టవలె నన్నారు. న్యాయమే. కాని నేను ఒప్పుకోలేదు. స్థలం ఇచ్చినవాడు గొప్పా, కప్పు వేయించినవాడు గొప్పా అని ఏడాదిపాటు తర్కించినాము. ఆ తర్కంలో ఎవరి నోటినుంచి ఏ మాట వచ్చినదో వ్రాయుటకు నాకు ఇప్పటికీ సిగ్గు. నేను చెక్కించిన పలకమీద నాన్నగారి పేరు, పుట్టిన తేదీ, చేసిన ఉద్యోగం, కప్పు వేయించిన సంవత్సరం అన్నీ ఉన్నవి. గుమ్మం దగ్గర కూర్చున్న ఆదివారం సంగతి లేదు. అది వ్రాయించవలెనని నాకు స్ఫురించనైనా లేదు.

1986లో, ఒక సంస్కారపు ఆదివారం ఉదయం, ఆరాధనకు ముందే నేను పలకను గోడకు ఆనించి పెట్టించినాను. అవతలివారు దానిని తీసి బయట పెట్టినారు. మాట మీద మాట పెరిగినది. ఒకరి చేయి ఒకరి చొక్కామీద పడినది. పాదిరిగారు అప్పటికే బల్ల సిద్ధపరచినారు. ఆయన మా వంక కొంతసేపు చూచి, రొట్టెమీద, పాత్రమీద తెల్లగుడ్డ తిరిగి కప్పి, ముందు సహోదరునితో సమాధానపడి తరువాత బలిపీఠం దగ్గరకు రమ్మన్న ప్రభువు మాటను జ్ఞాపకం చేసి, వెళ్ళిపోయినారు. మీరు సమాధానపడిననాడు నాకు కబురు చేయండి, వస్తానన్నారు.

ఏడు నెలలు మేము ఆయనకు కబురు చేయలేదు. ఆదివారం పాటలు జరిగినవి, ప్రసంగాలు జరిగినవి, చందాలు వసూలైనవి, లెక్కలు నేనే వ్రాసినాను. నా లెక్కలలో ఒక పైసా తేడా లేదు.

ఆ రోజులలో మూడు కోసుల దూరం నుంచి ఒక ముసలామె నెలకొకసారి, మొదటి ఆదివారం, నడిచి వచ్చేది. కొడుకులు చెరకు కొట్టుటకు ఊళ్ళు పట్టి పోయేవారు. ఆమె వారితోపాటు కొంతకాలం పోయి, శక్తి ఉడిగి, పొలం గుడిసెలో ఉండిపోయినది. మేమంతా ఆమెను మావ్‌శీ, అంటే పిన్నమ్మ, అని పిలిచేవాళ్ళం. ఒకనాడు పసిపిల్లను చంకబెట్టుకొని మా గుడిలో మొట్టమొదట పాత్ర అందుకొన్న యువతి ఆమెయే. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి నన్ను అడిగేది: “మాస్టరుగారబ్బాయీ, ఇవాళ ఆయన బల్ల ఉందా?”

లేదు మావ్‌శీ, వచ్చే నెల, అని నేను చెప్పేవాణ్ణి. అయినా ఆమె కూర్చుని, పాటలు విని, తిరిగి మూడు కోసులు నడిచిపోయేది. అయిదవసారి అడిగినప్పుడు నేను విసుక్కున్నాను. “ఎన్నిసార్లు చెప్పాలి? ఉన్నప్పుడు కబురు చేస్తాం, అంతదాకా రావద్దు” అన్నాను. ఆమె నా ముఖం చూచి, చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయినది. ఆ తరువాత రాలేదు.

వానలు మొదలైన తరువాత ఆమె పోయినదని కబురు వచ్చినది. సమాధి చేయుటకు పాదిరిగారు వచ్చినారు. మేము రెండు పక్షాలవాళ్ళమూ బురదలో నిలుచున్నాము. చివరి రోజులలో ఆమె ఏమైనా అడిగినదా అని పాదిరిగారు కొడుకును అడిగినారు. ఏమీ అడగలేదని, పిలుపు వస్తుందేమోనని ఆదివారాలు మాత్రం తలకు నూనె రాసుకొని కూర్చునేదని అతడు చెప్పినాడు. ఆ మాట చెప్పినప్పుడు అతని కంఠంలో నిందలేదు. కబురు చేయవలసినవాణ్ణి నేనేనని అతనికి తెలియదు.

పలకను మరునాడు ఇంటికి తెచ్చుకున్నాను. దానిని త్యాగమని ఎవరైనా అంటే నాకు నవ్వు వస్తుంది. ఆ రాళ్ళ తగవు నాకు చేదెక్కినది, అంతే. అవతలివారికి నేనే పోయి చెప్పినాను. వారిలో పెద్దాయన తలుపు సగం తెరచి, సరేనని, మళ్ళీ వేసుకున్నాడు. తరువాతి నెల బల్ల సిద్ధమైనది. పాత్ర నా దగ్గరకు వచ్చినప్పుడు నేను త్రాగలేక పక్కవానికి అందించినాను. అట్లు మూడు నెలలు గడిచినవి. నాలుగవసారి పాదిరిగారు, “అర్హత చూచుకొని త్రాగేది అయితే ఈ పాత్ర ఇంతవరకు ఎవరూ ముట్టి ఉండరు” అని మెల్లగా అన్నారు. అప్పుడు త్రాగినాను.

కొన్ని ఏండ్ల తరువాత అవతలి కుటుంబంవారు తమ తాత పేరు చెక్కించి బయటి గోడమీద పెట్టించుకున్నారు. నేను అడ్డు చెప్పలేదు. దాని ప్రక్కనుంచి పోతున్నప్పుడు నాకు ఏమీ అనిపించదని చెప్పగలిగితే బాగుండును.

ఇప్పుడు మా గుడి మారినది. అలికిన నేల లేదు, నాపరాళ్ళు పరచినారు. గోడకు తెర వ్రేలాడుతున్నది; పాటల మాటలు దానిమీద వెలుగుతవి. కుర్రవాళ్ళు గిటార్ వాయిస్తారు. దీనిమీద నాకు పేచీ లేదు. తుంతునే కూడ ఒకనాడు గుడికి కొత్తదే. నాకు కష్టంగా తోచేది వేరు. క్రిస్మస్ ఆరాధనలో వచ్చిన అతిథులకు శాలువలు కప్పుటకు, దండలు వేయుటకు, దాతల పేర్లు చదువుటకు పట్టిన కాలం నేను గడియారం పెట్టి చూచినాను: నలభై నిమిషాలు. సువార్త పాఠం చదువుటకు నాలుగు నిమిషాలు. పట్టణంలో గోడలమీద అంటించిన సభల ప్రకటనలలో ప్రసంగికుని ముఖం నిలువెత్తుగా ఉంటుంది; యేసు పేరు ఎక్కడున్నదో కళ్ళజోడు సర్దుకొని వెతకవలె. ఇది చెప్పితే మా మనుమడు, “తాతయ్యా, నువ్వు మాత్రం అప్పుడు ఏం చేశావు?” అంటాడు. వానికి పలక కథ తెలుసు. నేనే చెప్పినాను.

వాడు పట్టణంలో ఒక గుడికి పోతాడు. ఆదివారం మధ్యాహ్నం ఫోను చేస్తాడు. నేను ఆజీ ప్రశ్న అడుగుతాను. కొన్నిసార్లు నవ్వి తప్పించుకుంటాడు. కొన్నిసార్లు కొంచెం ఆలోచించి, “ఏమో తాతయ్యా, శబ్దం ఎక్కువైంది, సరిగ్గా కనపడలేదు” అంటాడు. మొన్న ఒకసారి మాత్రం, ప్రసంగం బాగా లేదని, పాటలు శ్రుతిలో లేవని చెప్పి, ఆరాధన తరువాత ఒక ముసలాయన తనతో బెంచీమీద కూర్చుని, మూడు వారాల క్రితం పోయిన భార్యను గురించి గంటసేపు మాట్లాడినాడని, తానూ ఇంటికి పోకుండ కూర్చున్నానని చెప్పినాడు. ఆ తరువాత నేనేమీ అడగలేదు.

పలక ఇన్నేండ్లూ మా పెరటిలో, అక్షరాలు నేలవైపుకు పెట్టి, బోర్లా పడి ఉన్నది. నా భార్య దానిమీద వడియాలు పెట్టేది. నిరుడు వానాకాలంలో గుడి బయటి కొళాయి దగ్గర బురద అవుతున్నదని, బిందెలు పెట్టుకొనుటకు రాయి కావలెనని సంఘంలోని యువకులు వచ్చి అడిగినారు. తీసుకొనిపొండన్నాను. ఏ వైపు పైకి పెట్టమంటారని వారిలో ఒకడు అడిగినాడు. ఇప్పుడున్నట్లే పెట్టండన్నాను. అది ఇంకా బరువుగానే ఉన్నది. ముగ్గురు పట్టుకుంటేగాని లేవలేదు.